ఎంపీహెచ్‌కి 45 లక్షల అప్పు: ఇల్లు తాకట్టు పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ గురించే ఉన్నాయి. కోవిడ్ తర్వాత ఈ కోర్సు పేరు మన ఇళ్ళల్లో బాగా వినపడుతోంది, బీడీఎస్, బీపీటీ, ఫార్మసీ, హోమియో చదివినవాళ్ళు అమెరికా వెళ్ళాలంటే ఇదే దారి అన్నట్టు కన్సల్టెన్సీల వాళ్ళు కూడా గట్టిగా చెప్తున్నారు. నేను పనిచేసేది ఈ ఫీల్డ్‌లోనే, ఇందులోకి మంచి పిల్లలు రావాలని నాకు చాలా ఉంటుంది, అందుకే నాలుగు ప్రశ్నలు తీసుకుని కాస్త విడమరిచి రాస్తున్నా. మొదటిదానికి ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే అదే పరిస్థితిలో ఉన్న పిల్లలు ఇంకా చాలామంది రాశారు.

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట. బీడీఎస్ అయిపోయి ఒక క్లినిక్‌లో నెలకి 18 వేలకి పనిచేస్తున్నా. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ జనరల్‌కి ఐ-20 వచ్చింది. రెండేళ్ళకి ఫీజు, ఖర్చులు కలిపి 45 లక్షలు అవుతుంది. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు వాళ్ళు 10 శాతానికి ఇస్తామంటున్నారు. నాన్న హైస్కూల్ టీచరు, ఇంకో మూడేళ్ళలో రిటైర్ అవుతారు. ఎపిడెమియాలజిస్టు జీతం 84 వేల డాలర్లు, ఏడాదిన్నరలో అప్పు తీరిపోతుంది, కావాలంటే తర్వాత అక్కడి డెంటిస్టు డిగ్రీ డీడీఎస్ చేసుకోవచ్చు అని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తున్నారు. వెళ్ళమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడు చేతిలో ఉన్న ఐ-20తో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం), ఇల్లు తాకట్టు పెట్టి, 45 లక్షల అప్పుతో అయితే వద్దు. పబ్లిక్ హెల్త్ వద్దనడం లేదు, ఈ కాంబినేషన్ వద్దంటున్నా. ఎందుకో లెక్కతో చెప్తా, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ముందు ఆ 84 వేల సంగతి. అది అబద్ధం కాదు, అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల శాఖ 2024 మే లెక్కల్లో ఎపిడెమియాలజిస్టుల (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో లెక్కలతో తేల్చేవాళ్ళు) మధ్యస్థ జీతం సుమారు 84 వేల డాలర్లే. కాకపోతే అందులో పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, పీహెచ్‌డీలు, ఎండీలు అందరూ ఉంటారు. అవే లెక్కల్లో హెల్త్ ఎడ్యుకేటర్లకి సుమారు 63 వేలు, కమ్యూనిటీ హెల్త్ వర్కర్లకి 51 వేలు. జనరల్ ఎంపీహెచ్ చేసి అప్పుడే బయటికొచ్చిన మన పిల్లలకి దొరికేవి ఎక్కువగా రీసెర్చ్ కోఆర్డినేటర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, రీసెర్చ్ అసిస్టెంట్ లాంటి పోస్టులు, అందుకని నువ్వు 52 వేలు అనుకుని లెక్క వేసుకో, ఎక్కువొస్తే సంతోషం.

ఇప్పుడు అప్పు. 45 లక్షలు ఒకేసారి ఇవ్వరు, సగం మొదటి ఏడాది, సగం రెండో ఏడాది అనుకుందాం. కోర్సు రెండేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది మారటోరియం, ఆ మూడేళ్ళూ ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. బారు వడ్డీ వేసినా మూడేళ్ళకి 11 లక్షల పైన అవుతుంది, అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకి నీ అప్పు 45 కాదు, 56 లక్షలు. పదేళ్ళకి పెట్టుకుంటే నెలకి 74 వేలు, పదిహేనేళ్ళకైతే 60 వేలు.

అమెరికాలో ఉద్యోగం ఉంటే ఈ 74 వేలు కట్టలేనిదేం కాదు. 52 వేల డాలర్ల జీతంలో టాక్సులు, ఇన్సూరెన్సు పోగా చేతికి నెలకి 3,700 దాకా వస్తుంది (ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ టాక్సులు కొయ్యరు, అదొక ఊరట). రూమ్మేట్స్‌తో ఉంటే అద్దె, తిండి, కారు, దాని ఇన్సూరెన్సు, ఫోను అన్నీ కలిపి 2,200 వేసుకో, 1,500 మిగుల్తాయి. డాలర్ 88 రూపాయలు అనుకుంటే లక్షా 32 వేలు. ఇక్కడి వరకు కన్సల్టెన్సీ వాళ్ళు కూడా చెప్తారు.

వాళ్ళు చెప్పనిది ఆ 1,500 ఎన్ని నెలలు మిగుల్తాయి అన్నది. డిగ్రీ అయ్యాక అందరికీ వచ్చేది 12 నెలల ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉన్న కోర్సైతే ఇంకో 24 నెలలు, మొత్తం 36. ఏది స్టెమ్, ఏది కాదు అనేది కోర్సు పేరుని బట్టి కాదు, ఐ-20 మీద ఆరంకెల సీఐపీ కోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని బట్టి. జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్ 51.2201, అది స్టెమ్ లిస్టులో లేదు. ఎపిడెమియాలజీ కోడ్ 26.1309, బయోస్టాటిస్టిక్స్ 26.1102, ఈ రెండూ ఉన్నాయి. నీది జనరల్ అని రాశావు, అంటే నీకు పన్నెండు నెలలే. అందులో ఉద్యోగం వెతుక్కోవడానికి రెండు మూడు నెలలు పోతాయి, ఓపీటీలో మొత్తం 90 రోజులు మించి ఖాళీగా ఉంటే స్టేటస్సే పోతుంది. మిగిలిన తొమ్మిది నెలలు నెలకి 1,500 చొప్పున దాచావనుకో, 13,500 డాలర్లు, అంటే 12 లక్షల లోపు. మారటోరియంలో పెరిగిన వడ్డీ ఎంతో పైన చూశాం కదా, 11 లక్షల చిల్లర. ఏడాదంతా కడుపు మాడ్చుకుని మిగిల్చింది ఆ వడ్డీకి సరిపోతుంది, అసలు 45 లక్షలు అసలుగానే ఉంటుంది, నువ్వు విమానం ఎక్కి ఇంటికొస్తావు, ఇక్కడ ఎంపీహెచ్ ఫ్రెషర్‌కి ఎన్జీవోలోనో, ప్రాజెక్టులోనో 35 నుంచి 60 వేలు ఇస్తారు, ఈఎంఐ ఏమో 59 వేలు, నాన్నగారేమో అప్పటికి రిటైర్ అయి ఉంటారు. ఇల్లు ప్రమాదంలో పడేది సరిగ్గా ఇక్కడ.

అదే 36 నెలలు దొరికిందనుకో, ఉద్యోగం వెతుక్కున్న టైము తీసేసినా 33 నెలలు, 43 లక్షలు కట్టగలుగుతావు, మధ్యలో నడిచే వడ్డీ కలిపినా మూడేళ్ళ చివర్లో 18, 20 లక్షలు మిగులుతుంది. ఆ అప్పుతో ఇండియా వచ్చినా ఈఎంఐ 26 వేల దగ్గర ఉంటుంది, కష్టమే కానీ ఇల్లు పోదు. యూనివర్సిటీ అదే, జీతం అదే, ఐ-20 మీద ఆరంకెల నంబరు మారితే ఇంత తేడా. అందుకే ఎవరు అడిగినా ర్యాంకింగుల కన్నా ముందు ఆ నంబరు చూడమంటాను. ఇంకో జాగ్రత్త, కొన్ని యూనివర్సిటీల్లో "ఎంపీహెచ్ ఇన్ ఎపిడెమియాలజీ" అని పేరుంటుంది కానీ కోడ్ మాత్రం 51.2201 అనే వేస్తారు, కాబట్టి బ్రోషర్ చూసి నమ్మొద్దు, అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి ఈ కాన్సంట్రేషన్‌కి ఐ-20 మీద ఏ కోడ్ వేస్తారో రాతపూర్వకంగా తెప్పించుకో. ఆ కాలేజీకి సెఫ్ (పబ్లిక్ హెల్త్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ) అక్రెడిటేషన్ ఉందో లేదో కూడా అదే మెయిల్లో అడిగెయ్.

హెచ్-1బీ వర్క్ వీసా వస్తుంది కదా అంటారు. ఏడాదికి 65 వేలు, అమెరికా మాస్టర్స్ వాళ్ళకి ఇంకో 20 వేలు, అంతే కోటా, ఈ మధ్య లాటరీలో కూడా జీతం లెవెల్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ ఛాన్స్ వచ్చేలా మార్చారు, 52 వేల కోఆర్డినేటర్ పోస్టుకి అది అనుకూలం కాదు. 2025 సెప్టెంబర్లో కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, ఎఫ్-1 మీద అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని తర్వాత ఇమ్మిగ్రేషన్ శాఖ చెప్పింది, కానీ ఓపీటీ అయిపోయి ఒకసారి ఇండియా వచ్చేశాక మళ్ళీ పిలిపించుకునే కంపెనీ మన ఫీల్డ్‌లో దాదాపు ఉండదు. ఒక్క మంచి విషయం ఏంటంటే యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న హాస్పిటళ్ళు, నాన్ ప్రాఫిట్ రీసెర్చ్ సంస్థలు ఈ కోటా కిందికి రావు, లాటరీ లేకుండా ఎప్పుడైనా హెచ్-1బీ వేయొచ్చు, పబ్లిక్ హెల్త్ ఉద్యోగాలు చాలావరకు ఉండేది వాటిల్లోనే. కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది), స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్లలో స్పాన్సర్ చేసేవి తక్కువ.

మార్కెట్ సంగతి కూడా తెలిసే వెళ్ళాలి. 2025 మార్చి చివర్లో అమెరికా ఆరోగ్య శాఖ 10 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది, అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దగ్గర్నుంచి చాలా ఆఫీసులకి ఆ దెబ్బ తగిలింది, రాష్ట్రాల హెల్త్ డిపార్ట్‌మెంట్లకి ఇచ్చిన కోవిడ్ కాలం గ్రాంట్లు 11 బిలియన్ డాలర్లకి పైగా వెనక్కి తీసుకుంటామన్నారు, బయటి దేశాలకి సాయం చేసే యూఎస్‌ఎయిడ్ అయితే మూతపడే పోయింది. అలా రోడ్డున పడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాళ్ళు, నువ్వు అప్లై చేసే కోఆర్డినేటర్ పోస్టుకే వాళ్ళూ అప్లై చేస్తున్నారు.

డీడీఎస్ మాట దయచేసి ఈ లెక్కలోకి తేవద్దు. అక్కడి డెంటల్ లైసెన్సు పరీక్ష ఐఎన్‌బీడీఈ పాసై, విదేశీ డెంటిస్టుల అప్లికేషన్ పోర్టల్ క్యాపిడ్‌లో అప్లై చేసి, బెంచ్ టెస్టులు (చేతిపని పరీక్షలు) దాటి, బయట చదివొచ్చిన డెంటిస్టులకి ఇచ్చే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటు తెచ్చుకున్న మన బీడీఎస్ పిల్లలు ఉన్నారు, చాలా కష్టపడతారు, నాకు వాళ్ళంటే గౌరవం. కానీ ఆ కోర్సు ఫీజు ఎంపీహెచ్ ఫీజుకి ఎన్నో రెట్లు, దానికి అప్పు పుట్టాలంటే అక్కడ కోసైనర్, అంటే హామీ సంతకం పెట్టే మనిషి, దొరకాలి. డెంటిస్టు అవ్వడమే నీ కోరికైతే ఐఎన్‌బీడీఈ పరీక్ష సంగతి ముందు తేల్చుకో, మధ్యలో ఎంపీహెచ్ అప్పు మెడకి చుట్టుకోకు.

మరి ఏం చెయ్యాలి? నేను వాడే లెక్క ఒకటే, వీసా లేకుండా ఇండియాలో నీకు వచ్చే జీతంలో సగంతో ఈఎంఐ కట్టగలగాలి. 50 వేల జీతం అనుకుంటే 25 వేల ఈఎంఐ, అది 10 శాతం వడ్డీ, పదేళ్ళు అయితే 19 లక్షల అప్పు, పదిహేనేళ్ళు అయితే 23 లక్షలు. నీ చదువుకి మొత్తం అప్పు ఇరవై చిల్లర దాటకూడదు. దానికి దారులు లేకపోలేదు. అడ్మిషన్‌ని ఒక సంవత్సరం డిఫర్ చెయ్యమని అడుగు, చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. ఆ ఏడాదిలో ఎపిడెమియాలజీ లేదా బయోస్టాటిస్టిక్స్ కోడ్ ఉన్న ప్రోగ్రాములకి అప్లై చెయ్, ట్యూషన్ మాఫీ ఉండే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ ఎక్కడ ఫస్ట్ సెమిస్టర్ నుంచే ఇస్తారో చూడు, ఎంపీహెచ్‌లో అవి తక్కువ, ఎంఎస్ ప్రోగ్రాముల్లో కొంచెం మెరుగు. గణాంకాలకి వాడే ఆర్ గానీ శాస్ గానీ సాఫ్ట్‌వేర్ బాగా నేర్చుకో, డేటా శుభ్రం చేసి రిగ్రెషన్ నడపగలిగే డెంటిస్టుకి ప్రొఫెసర్లే పని ఇస్తారు. నోటి క్యాన్సర్, గుట్కా, ఫ్లోరోసిస్ మీద మన దగ్గర ఎంత పని ఉందో నీకు తెలుసు, ఏదైనా డెంటల్ కాలేజీ పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో సర్వే పనికి చేరినా అది అప్లికేషన్లో కనపడుతుంది. బీడీఎస్ తర్వాత ఎండీఎస్‌లో ఆ బ్రాంచే ఉంది కదా, దాన్ని ఎందుకు చూడలేదో నాకు అర్థం కాలేదు.

చివరిగా ఒకటి. అప్పు ఎక్కువైన పిల్లలు పబ్లిక్ హెల్త్‌లో ఉండట్లేదమ్మా. కౌంటీలో టీబీ ప్రోగ్రాములో పని దొరికినా జీతం చాలక వదిలేసి, ఏదో కన్సల్టెన్సీ పెట్టే ట్రైనింగ్‌లో చేరి ఐటీ టెస్టింగ్‌కి వెళ్ళిపోతారు, అంత చదివిన చదువు అక్కడితో ఆగిపోతుంది. నువ్వు అలా అవ్వకూడదనే ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న: నమస్తే మేడం. మాది కరీంనగర్ దగ్గర ఊరు. మా పిల్లగాడు బీఫార్మసీ చేసిండు, అమెరికల ఎపిడెమియాలజీ ఎంపీహెచ్‌కు సీటొచ్చింది, స్టెమ్ కోడే ఉందట. 35 లక్షలు కావాలె. ఎకరం అమ్ముదామా, లోన్ తీస్కుందామా అని ఇంట్ల రోజూ లొల్లి అయితంది. గవర్నమెంట్ స్కాలర్‌షిప్ గురించి గూడ చెప్పండ్రి.

జవాబు: నమస్తే అన్నా. కోడ్ చూసుకుని వెళ్తున్నాడంటే మీ బాబు సగం పని తెలివిగా చేసినట్టే. ఇక భూమా లోనా అంటే, రెండిట్లో ఒకటే అని ఎందుకు అనుకుంటున్నారు? నా మాట ఏంటంటే భూమి అమ్మకండి, 20 లక్షల లోపు లోన్ తీసుకోండి, మిగతాది పీఎఫ్, బంగారం, ఉన్న పొదుపుతో సర్దగలరా చూడండి, అలా సర్దలేకపోతే ఇంకో ఏడాది ఆగి స్కాలర్‌షిప్ ఉన్న సీటు కోసం చూడమనండి. భూమి అమ్మితే ఆ డబ్బు మొదటి ఏడాదిలోనే అయిపోతుంది, పిల్లాడికి అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే మీ దగ్గర ఇంకేమీ మిగలదు.

లోన్ తీసుకుంటే చదువు నడిచే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టెయ్యండి. 20 లక్షలకి 10 శాతం అంటే పూర్తిగా తీసుకున్నాక కూడా నెలకి 17 వేల లోపు, మొదటి ఏడాది ఇంకా తక్కువ. అది కడుతూ ఉంటే అప్పు 20 దగ్గరే ఆగుతుంది. ముందు ప్రభుత్వ బ్యాంకులు తిరగండి, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు తొందరగా ఇస్తాయి కానీ వడ్డీ ఎక్కువ, ప్రాసెసింగ్ ఫీజని, ఇన్సూరెన్సని లోన్లోంచే కోస్తారు, కాగితం మీద సంతకం పెట్టేముందు చేతికి ఎంతొస్తుందో అడగండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మీద పంపే డబ్బుకి 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ (డబ్బు బయటికి పంపేటప్పుడే బ్యాంకు కోసే టాక్స్) లేదు, సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద పడుతుంది, అది తర్వాత రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది లెండి. ఇన్‌కమ్ టాక్స్‌లో ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మొత్తానికి మినహాయింపు ఎనిమిదేళ్ళ వరకు ఉంది, పాత టాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్ళకే.

తెలంగాణలో ఓవర్సీస్ స్కీములు ఉన్నాయి, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, ఎస్సీ ఎస్టీలకి అంబేద్కర్ పేరుతో, మైనారిటీలకి సీఎం స్కాలర్‌షిప్ పేరుతో, 20 లక్షల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం పరిమితి ఉంది, కోర్సుల లిస్టు ఉంది, పబ్లిక్ హెల్త్ ఏ కేటగిరీ కింద వస్తుందో జిల్లా సంక్షేమ ఆఫీసులో కనుక్కుని వీసా టైముకే అప్లై చెయ్యండి. వస్తే ఆ డబ్బు నేరుగా లోన్లోకి కట్టండి. చేతికి వచ్చేదాకా మాత్రం లెక్కలో రాసుకోకండి.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, సిటిజన్. ఈస్ట్ కోస్ట్‌లో మంచి పేరున్న ప్రైవేట్ స్కూల్లో ఎంపీహెచ్ వచ్చింది, రెండేళ్ళకి లక్షా పది వేల డాలర్లు దాటుతోంది. ఫెడరల్ లోన్ తీసుకుని గవర్నమెంట్ జాబ్ చేస్తే పదేళ్ళకి మాఫీ అవుతుందని తను అంటోంది, నా రిటైర్మెంట్ ఖాతా 401కే నుంచి తీద్దామని మావారు అంటున్నారు. తనకి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో చెయ్యాలనే ఆశ.

జవాబు: అమ్మాయి చెప్పిన మాఫీ నిజమే, పీఎస్ఎల్ఎఫ్ అంటారు, ప్రభుత్వంలో గానీ నాన్ ప్రాఫిట్‌లో గానీ ఫుల్ టైమ్ చేస్తూ 120 నెలసరి పేమెంట్లు కడితే మిగిలింది రద్దవుతుంది. కాకపోతే అది ఫెడరల్ డైరెక్ట్ లోన్లకే. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి ఖర్చు మొత్తానికి ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు, మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లే పరిమితి. డాక్టర్లు, లాయర్లు లాంటి ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50 వేలు ఇస్తారు కానీ విద్యాశాఖ ప్రతిపాదించిన ఆ లిస్టులో పబ్లిక్ హెల్త్‌ని పెట్టలేదు, ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం, కోవిడ్ చూసిన దేశం ఇలా చెయ్యకూడదు. అంటే మీ అమ్మాయికి రెండేళ్ళకి ఫెడరల్ లోన్ 41 వేలు వస్తుంది, మిగతా 70 వేలు ప్రైవేట్ లోనే, దానికి మాఫీ లేదు, ఆదాయాన్ని బట్టి తగ్గే ఈఎంఐ లేదు. 70 వేలకి 9 శాతం చొప్పున పదేళ్ళు కడితే నెలకి దాదాపు 890 డాలర్లు. కౌంటీలో 55, 60 వేలతో మొదలయ్యే అమ్మాయి దాన్ని కడుతూ అద్దె కట్టుకోవడం చాలా కష్టం, రెండేళ్ళకే ఆ ఆశ వదిలేసి ఇన్సూరెన్స్ కంపెనీకి పోతుంది.

మీరు టెక్సాస్‌లో ఉన్నారు, హ్యూస్టన్‌లో యూటీ హెల్త్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం ఉంది, ఇన్ స్టేట్ ఫీజుతో అయితే ఆ 41 వేల ఫెడరల్ లోన్‌లోనే చదువు ఫీజు వరకు సర్దుకునే అవకాశం ఎక్కువ. కౌంటీలో హైరింగ్ చేసేవాళ్ళు చూసేది ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావు, ఔట్‌బ్రేక్ డేటా మీద చెయ్యి పెట్టావా అనే, ఆ ఇంటర్న్‌షిప్ తను ఉద్యోగం చెయ్యాలనుకునే కౌంటీలోనే చేస్తే ఇంకా మంచిది. ఇంకో దారి, ముందు ఏదైనా యూనివర్సిటీ హాస్పిటల్లో ఉద్యోగంలో చేరి వాళ్ళ ట్యూషన్ బెనిఫిట్‌తో పార్ట్ టైమ్ చెయ్యడం, ఏడాదికి 5,250 డాలర్ల దాకా కంపెనీ ఇచ్చే చదువు సాయానికి టాక్స్ కూడా పడదు. మీ 401కే జోలికి వెళ్ళకండి, చదువుకి అప్పు పుడుతుంది, రిటైర్మెంట్‌కి పుట్టదు.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. ఉద్దానం కిడ్నీ కేసులు రోజూ చూసి చూసి, మందులివ్వడం కన్నా ఇది ఎందుకొస్తోందో పనిచెయ్యాలని ఉంది. లండన్‌లో ఏడాది ఎంపీహెచ్‌కి 40 లక్షలు అవుతుంది. ఉద్యోగం వదిలి వెళ్ళడం సబబేనా?

జవాబు: డాక్టర్ గారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. కారణం ఇదీ అని ఇంకా తేలని జబ్బు మధ్యలో ఉండి, అక్కడి ఊళ్ళు, నీళ్ళు, జీడితోటల్లో పనిచేసే మనుషులు తెలిసిన డాక్టరు ఎపిడెమియాలజీ నేర్చుకోవడం కన్నా కావాల్సింది ఏముంది. కానీ దానికి 40 లక్షలు అక్కర్లేదు, ఉద్యోగమూ వదలక్కర్లేదు. ఇన్ సర్వీస్ కోటాలో ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ చూడండి, నీట్ పీజీలో ఆ బ్రాంచికి పోటీ తక్కువ, చదివే మూడేళ్ళూ మీకు డబ్బు వస్తుందే తప్ప అప్పు ఉండదు, బయటికొచ్చాక మెడికల్ కాలేజీలో టీచింగ్, జిల్లా ప్రోగ్రామ్ ఆఫీసర్ పోస్టులు రెండిటికీ పనికొస్తుంది. చాలామంది డాక్టర్లు క్లినికల్ బ్రాంచి రాకపోతే తీసుకునే సీటు అన్నట్టు దాన్ని చూస్తారు, మీరు కోరి తీసుకుంటే చెయ్యగలిగేది వేరే.

ఎంపీహెచ్చే కావాలంటే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ 1997 నుంచి నడుపుతోంది, చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌ఐఈలో ఎపిడెమియాలజీ, హెల్త్ సిస్టమ్స్ మీద ఎంపీహెచ్ ఉంది, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఫీజులు లండన్‌తో పోల్చే పనే లేదు. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఎన్‌సీడీసీ నడిపే ఇండియా ఈఐఎస్ ప్రోగ్రామ్ కూడా చూడండి, అది ఔట్‌బ్రేక్‌ల మీదికి పంపించి నేర్పించే ట్రైనింగ్, డాక్టర్లకే. లండన్ డిగ్రీ డబ్ల్యూహెచ్‌ఓ లాంటి చోట్లకి పనికొస్తుంది, అది కావాలనుకుంటే కామన్‌వెల్త్, చీవెనింగ్ స్కాలర్‌షిప్పులకి అప్లై చెయ్యండి, చీవెనింగ్‌కి రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, మీకు అది ఉంటే అర్హతే. స్కాలర్‌షిప్ వస్తే వెళ్ళండి, స్టడీ లీవ్ కోసం ఇప్పటి నుంచే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో అడిగి పెట్టుకోండి. ఈలోగా మీ పీహెచ్‌సీ పరిధిలో కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేసిన ప్రతి మనిషి వయసు, ఊరు, తాగే నీళ్ళు, చేసే పని ఒక షీట్‌లో పేర్లు లేకుండా రాయించడం మొదలుపెట్టండి, రెండేళ్ళు ఆగకుండా రాస్తే మీ థీసిస్‌కి ఎలాంటి ప్రశ్న తీసుకోవాలో దాంట్లోనే కనపడుతుంది, రిసెర్చ్‌కి వాడేముందు మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి.